48వ వీధిలో ఎదురెదురుగా: న్యూయార్క్ నాటకశాలల్లో ఆరు రోజులు

మంగళవారం

మా అక్క కూతురు జెర్సీ సిటీలో ఉంటుంది. వాళ్ల ఇంటి దగ్గర పాత్ రైలెక్కితే హడ్సన్ నది అడుగు నుంచి తీసుకెళ్లి మన్‌హట్టన్‌లో 33వ వీధి దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి టైమ్స్ స్క్వేర్‌కి నడిచి వెళ్లొచ్చు. "పిన్నీ, దిగిన మర్నాడే నాటకమా? హాల్లో నిద్రపోతావు చూడు" అంది. నిద్ర రాదని నాకు తెలుసు. ఈ వారం కోసం రెండేళ్లుగా డబ్బు దాచుకున్నాను.

2025 జూన్ 8 ఆదివారం రాత్రి రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో టోనీ అవార్డులు ఇచ్చారు. బ్రాడ్‌వే నాటకాలకి ఏటా ఇచ్చే పెద్ద పురస్కారాలు అవి. నేను సోమవారం దిగాను. కావాలనే ఈ వారం పెట్టుకున్నాను. అవార్డుల వేడి చల్లారకముందే కొత్త నాటకాలు చూడాలి, గెలిచినవాళ్ల హాలు ఎలా ఉందో, గెలవనివాళ్ల హాలు ఎలా ఉందో రెండూ చూడాలి అనుకున్నాను.

దీని వెనక ఒక పాత కోరిక ఉంది. మా నాన్న పరిషత్తు నాటకాలు ఆడేవారు. కొత్త నాటకం అంటే మా ఇంట్లో పండగే. మూడు నెలలు రిహార్సల్స్ చేసి, నాలుగైదు పరిషత్తుల్లో నాలుగైదు రాత్రులు ఆడేవారు. ఆ తర్వాత ఆ నాటకం ఇక లేనట్టే. రాతప్రతి ట్రంకుపెట్టెలోకి వెళ్లేది. మొన్న మొన్న పుట్టిన నాటకాన్ని ఏళ్ల తరబడి, వారానికి ఎనిమిది ఆటల చొప్పున ఆడే ఊరు ఒకటుందని విన్నప్పటి నుంచి అది ఎలా కుదురుతుందో కళ్లారా చూడాలని ఉండేది.

బ్రాడ్‌వే అనేది ఒక రోడ్డు పేరు. కానీ బ్రాడ్‌వే నాటకశాలలు అనేవాటిలో చాలావరకు ఆ రోడ్డు మీద ఉండవు, దానికి అడ్డంగా వెళ్లే 44, 45, 46 లాంటి వీధుల్లో ఉంటాయి. మొత్తం 41 హాళ్లు. 500 సీట్లు, ఆపైన ఉంటేనే ఆ పేరు దక్కుతుంది. 100 నుంచి 499 లోపు ఉంటే ఆఫ్ బ్రాడ్‌వే. వందలోపువి ఆఫ్ ఆఫ్ బ్రాడ్‌వే. ఈ లెక్కల్లో కళ ఎక్కువ తక్కువల ప్రసక్తి లేదు. కుర్చీల లెక్క, దాని వెంట వచ్చే జీతాల లెక్క, అంతే. గురువారం నాటికి ఈ సంగతి నాకు బాగా అర్థమైంది.

డఫీ స్క్వేర్‌లో ఎర్రగా వెలిగే గాజు మెట్లు ఉంటాయి. వాటి మీద కూర్చుని అందరూ ఫొటోలు దిగుతుంటారు. ఆ మెట్ల కిందే టీకేటీఎస్ కౌంటర్. ఆ రోజు అమ్ముడుపోని టికెట్లను తగ్గింపు ధరకు అక్కడ ఇస్తారు. థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1973 నుంచి నడుపుతోంది. బోర్డు మీద నాటకాల పేర్లు, పక్కన ఎంత శాతం తగ్గింపో వెలుగుతుంటాయి. క్యూలో నిలబడి ఆ బోర్డు చదువుతుంటే ఎవరి పరిస్థితి ఏమిటో తెలిసిపోతుంది. బోర్డు మీద అసలు లేని నాటకం హాయిగా ఉన్నట్టు. సగం ధరకి ఉన్నదానికి సీట్లు మిగిలిపోతున్నట్టు.

సగం ధర జాబితాలో 'డెడ్ ఔట్‌లా' కనిపించింది. ఏడు టోనీ నామినేషన్లు వచ్చిన కొత్త మ్యూజికల్, అంటే పాటల నాటకం. ఆదివారం రాత్రి ఒక్కటీ రాలేదు. ఆలోచించకుండా అదే అడిగాను.

48వ వీధిలో లాంగేకర్ థియేటర్. 1913లో కట్టిన హాలు. లోపలికి వెళ్తుంటే ప్లేబిల్ చేతిలో పెట్టారు. నాటకం వివరాలుండే చిన్న పుస్తకం, ఉచితం. నా వరుసలో నాతో కలిపి నలుగురం. మేడ మీద ఇంకా పలచగా ఉన్నారు.

కథ నిజంగా జరిగింది. ఎల్మర్ మెకర్డీ అనే దొంగ 1911లో ఓక్లహోమాలో పోలీసు బృందం కాల్పుల్లో చనిపోయాడు. శవం కోసం ఎవరూ రాలేదు. పాడవకుండా మందు ఎక్కించిన ఆ శవాన్ని శవాలు భద్రపరిచే అతను డబ్బులు తీసుకుని చూపించడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి అది తిరునాళ్ల ఆటల వాళ్ల చేతుల్లో ఊళ్లు తిరిగింది. చివరికి 1976లో కాలిఫోర్నియా లాంగ్ బీచ్‌లో ఒక వినోదాల పార్కులో టీవీ షూటింగ్ జరుగుతుంటే, బొమ్మ అనుకుని కదిపితే చెయ్యి ఊడింది, లోపల ఎముక కనిపించింది. మర్నాడు ఓక్లహోమాలో సమాధి చేశారు అంటే కథ అయిపోయేది. అది జరగడానికి 1977 దాకా పట్టింది.

దీన్ని పాటల నాటకంగా రాయాలని డేవిడ్ యాజ్‌బెక్, ఎరిక్ డెల్లా పెన్నా, ఇటమార్ మోజెస్‌లకు తోచడమే నాకు ఆశ్చర్యం. వేదిక మీద చెక్క గది లాంటిదాంట్లో వాద్యబృందం కూర్చుని ఉంటుంది. ఆండ్రూ డ్యురాండ్ ముందు సగం గంతులేస్తూ, అరుస్తూ, పాడుతూ ఎల్మర్‌గా బతుకుతాడు. తర్వాత చచ్చిపోతాడు. అప్పటి నుంచి నిలబెట్టిన పెట్టెలో శవంగా ఉంటాడు. రెప్ప వేసినట్టు కనిపించదు, ఊపిరి తీసినట్టు కనిపించదు. చుట్టూ కాలం గడిచిపోతుంది, మనుషులు మారుతుంటారు, డబ్బు చేతులు మారుతుంది. అతను మాత్రం అలాగే. కదలకుండా ఉండటం కూడా నటనే అని నాన్న అనేవారు. ఆ మాటకి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నేను చూడలేదు. చూస్తూ చూస్తూ, ఆ శవాన్ని డబ్బిచ్చి చూస్తున్నవాళ్లలో నేనూ ఒకదాన్నని స్ఫురించి ఒళ్లు జలదరించింది.

చివర చప్పట్లు గట్టిగా మోగాయి. ఖాళీ సీట్ల మధ్య మోగే చప్పట్లు ఎలా ఉంటాయో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒక్కొక్కరూ ఇద్దరి చప్పట్లు కొడతారు.

బుధవారం

ఇవాళ దానికి పూర్తిగా వ్యతిరేకం. 44వ వీధిలో బెలాస్కో థియేటర్ ముందు జనం కిటకిటలాడుతున్నారు. 'మేబీ హ్యాపీ ఎండింగ్' ఆదివారం ఆరు టోనీలు గెలిచింది, ఉత్తమ మ్యూజికల్‌తో కలిపి. నా టికెట్ మార్చిలోనే కొన్నాను కాబట్టి బతికిపోయాను.

కథ సియోల్‌లో, కొంచెం ముందు కాలంలో. యజమానులకి పనికిరాకుండా పోయిన సహాయక రోబోలు ఒక అపార్ట్‌మెంట్‌లో ఎదురెదురు గదుల్లో ఉంటాయి. ఆలివర్ పాత మోడల్. తన యజమాని ఏదో ఒక రోజు వచ్చి తీసుకెళ్తాడని ఏళ్లుగా ఎదురుచూస్తూ జాజ్ రికార్డులు వింటూ ఉంటాడు. క్లెయిర్ తర్వాతి మోడల్. ఆమె చార్జర్ పాడైపోయి, అతని తలుపు తడుతుంది. చార్జర్ అప్పు అడగడంతో మొదలయ్యే ప్రేమకథ ఇది. తర్వాత యజమానిని వెతుక్కుంటూ అతనూ, మిణుగురుల కోసం ఆమే, ఇద్దరూ కలిసి జేజూ దీవికి వెళ్తారు.

విల్ ఆరన్‌సన్, హ్యూ పార్క్ కలిసి రాశారు. మొదట కొరియన్ భాషలో 2016లో సియోల్‌లో ఆడింది. 2020లో ఇంగ్లిష్ రూపం అట్లాంటాలో. 2024 నవంబర్‌లో ఇక్కడ. పేరున్న సినిమా కథ ఆధారం లేదు, అందరికీ తెలిసిన పాటలు లేవు, వేదిక మీద నలుగురు. మొదటి వారాల్లో హాలు నిండలేదు. చూసినవాళ్లు ఇంకొకరికి చెప్పగా చెప్పగా నెమ్మదిగా నిండింది. నాటకం వాళ్లు ఆ వారాలు ఓపిక పట్టకపోతే ఆరు టోనీలు లేవు, ఈ జనమూ లేరు. నాటకం ఆడించేవాళ్లకి కూడా టెన్షన్ ఉంటుంది కదా. ఖాళీగా ఆడే ప్రతి వారం చేతి డబ్బు పెట్టాలి.

ఆలివర్‌కి ఒక మొక్క ఉంటుంది. దాని పేరు హ్వాబూన్. కొరియన్‌లో ఆ మాటకి పూలకుండీ అని అర్థం. ఎంతో ఆప్యాయంగా దాన్ని పిలుస్తుంటాడు. న్యూయార్క్‌కి వచ్చాక దాని పేరుని ఇంగ్లిష్‌లోకి మార్చలేదు. వెయ్యిమంది అమెరికన్లు ఆ మాటని అలాగే విని, అలాగే ప్రేమించారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ మొక్క కనిపించినప్పుడల్లా నవ్వుకుంటోంది. తన భాషలో, తన ఊళ్లో మొదలైన నాటకం ఊరి పేరు, కుండీ పేరు కూడా వదులుకోకుండా ఇంత దూరం వచ్చింది. నా కళ్లు తడవడానికి కథ ఒక్కటే కారణం అయ్యుండదు.

డేన్ లాఫ్రీ రంగాలంకరణ గురించి ఒక్క మాట. చీకట్లో చిన్న చిన్న చతురస్రాలుగా తెరలు జరుగుతూ తెరుచుకుంటాయి. ఒక కిటికీ అంత గదే కనిపిస్తుంది. ఒంటరితనానికి ఎంత చోటు కావాలో అంతే. మిణుగురులు వచ్చే ఘట్టంలో మాత్రం ఆ చట్రాలు తొలగిపోయి వేదిక మొత్తం ఎంత లోతుందో మొదటిసారి కనిపిస్తుంది. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఇంటర్వెల్ లేదు. రెండు గంటలు కూడా పట్టదు. బయటికి వచ్చాక ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు.

గురువారం

ఈ రోజు బ్రాడ్‌వే వైపు వెళ్లలేదు. ఈ నాటకాలు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దామని మన్‌హట్టన్‌లోనే దక్షిణం వైపు, లఫాయెట్ వీధికి వెళ్లాను.

425 నంబరు భవనం ఒకప్పుడు ఆస్టర్ లైబ్రరీ. కూల్చేయబోతుంటే జోసెఫ్ పాప్ పట్టుబట్టి కాపాడి పబ్లిక్ థియేటర్‌గా మార్చాడు. 1967లో 'హెయిర్' అనే కొత్త మ్యూజికల్‌తో తలుపులు తెరిచారు. ఎర్ర ఇటుకల భవనం ముందు చాలాసేపు నిలబడ్డాను. 'ఎ కోరస్ లైన్' ఇక్కడే 1975లో మొదలైంది. దాని పుట్టుక నాకు చాలా ఇష్టమైన కథ. 1974 జనవరిలో ఒక రాత్రి మైకేల్ బెనెట్ అనే నృత్య దర్శకుడు తోటి డాన్సర్లని పోగుచేసి, టేప్ రికార్డర్ మధ్యలో పెట్టి, ఎవరి బతుకు వాళ్లని చెప్పమన్నాడు. తెల్లారేదాకా చెప్పుకున్నారు. ఆ టేపులే నాటకం అయ్యాయి. వెనక వరుసలో నిలబడి ఆడేవాళ్లు, పోస్టర్ మీద పేరు లేనివాళ్లు ముందుకొచ్చి మాట్లాడారు. అది బ్రాడ్‌వేకి వెళ్లి 1990 దాకా 6,137 ఆటలు ఆడింది. ఆ డబ్బుతో ఈ భవనంలో ఇంకెన్నో కొత్త నాటకాలకి దీపం వెలిగింది. 'హ్యామిల్టన్' అనే మ్యూజికల్ కూడా 2015 ఫిబ్రవరిలో ఇక్కడే మొదలై, ఆ ఆగస్టుకి బ్రాడ్‌వే ఎక్కింది.

అక్కడి నుంచి ఈస్ట్ 4వ వీధి దగ్గరే. చిన్న వీధి. రోడ్డుకి ఒకవైపు న్యూయార్క్ థియేటర్ వర్క్‌షాప్, రెండోవైపు లా మామా. రెండూ నాటకశాలలే.

లా మామాని 1961లో ఎలెన్ స్టివార్ట్ అనే నల్లజాతి మహిళ మొదలుపెట్టింది. ఆమె బట్టలు డిజైన్ చేసేది. నాటకాలు రాసే తమ్ముడి వరస అబ్బాయి కోసం ఒక నేలమాళిగ అద్దెకి తీసుకుంది. ప్రతి ఆటకి ముందు ఆమే వచ్చి చేతిగంట మోగించి ప్రేక్షకులకి స్వాగతం చెప్పేది. ఆ స్వాగతంలో మొదటి గౌరవం నాటక రచయితకి. 2011లో చనిపోయేవరకు కొత్తవాళ్లకి చోటివ్వడమే పనిగా పెట్టుకుంది. మనకి గంట కొట్టి తెర తీయడం కొత్త కాదు. ఆ గంట రచయిత పేరు మీద కొట్టడం మాత్రం నాకు కొత్త.

ఎదురుగా 79 నంబరు, న్యూయార్క్ థియేటర్ వర్క్‌షాప్. 1996 జనవరిలో ఇక్కడ 'రెంట్' అనే మ్యూజికల్ మొదలవ్వాలి. దాన్ని రాసి, బాణీలు కట్టిన జొనాథన్ లార్సన్ బతకడానికి హోటల్లో వెయిటర్‌గా పనిచేస్తూ ఏళ్ల తరబడి దాన్ని రాశాడు. మొదటి ప్రీవ్యూ రోజు, జనవరి 25 తెల్లవారుజామున చనిపోయాడు. వయసు 35. ఆ సాయంత్రం ఆట మామూలుగా ఆడలేదు. అతని కుటుంబం, స్నేహితుల ముందు నటులు పాడారు. తర్వాత అది బ్రాడ్‌వేకి వెళ్లి 2008 దాకా 12 ఏళ్లు ఆడింది, నాటక రచనకి ఇచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది. ముందు వరుసల సీట్లని 20 డాలర్లకే కుర్రవాళ్లకి ఇవ్వడం ఆ నాటకంతోనే బలపడింది. ఇప్పుడు చాలా హాళ్ల దగ్గర కనిపించే రష్ టికెట్లు (ఆ రోజు ఆటకి తక్కువ ధరకి ఇచ్చేవి), లాటరీలు ఆ బాటలోనివే. తలుపు మూసి ఉంది. పగటిపూట ఎవరూ లేరు. అయినా మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

సాయంత్రం ఆ చుట్టుపక్కలే ఒక చిన్న హాల్లో కొత్త నాటకం. పేరు రాయను, ఇంకా తయారవుతున్న నాటకం అది. మడత కుర్చీలు నలభై. సెట్ అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక దీపం. వెనక వరుసలో, నా పక్కన ఒకమ్మాయి చిన్న టార్చి వెలుతురులో నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. జనం నవ్వినచోట ఏమీ రాయలేదు. ఎవరో దగ్గినచోట, ఎవరో కుర్చీలో కదిలినచోట గబగబా రాసింది. ఆట అయ్యాక అడిగాను. రచయిత్రి ఆమే. "దగ్గు వచ్చిందంటే ఆ డైలాగ్ పొడుగైందని" అంది. నేను పొంగిపోయి మా నాన్న సంగతి చెప్పాను. ఆయన కూడా తెర పక్కనుంచి జనం మొహాలే చూసేవారు, అట్టమీద పెన్సిల్‌తో గీసుకునేవారు. ఆమె నా చేతులు పట్టుకుంది.

బ్రాడ్‌వేలో ఇదే పని పెద్దగా జరుగుతుంది, దాన్నే ప్రీవ్యూలు అంటారు. అధికారికంగా ప్రారంభం కాకముందు కొన్ని వారాలు టికెట్లు అమ్మి ఆడతారు. పగలు రిహార్సల్‌లో సీను మారుస్తారు, రాత్రి మార్చిన సీను ఆడతారు. పాట తీసేస్తారు, ఇంకోటి పెడతారు. ఒక రోజు వచ్చేసరికి ఇక ఏమీ మార్చకూడదని గట్టిగా నిర్ణయించుకుంటారు. ఆ తర్వాతే విమర్శకులు వస్తారు. అంటే ఆ వారాల్లో టికెట్టు కొన్న ప్రతివాళ్లూ తమకు తెలియకుండానే ఆ నాటకానికి పని చేసినట్టే. నాన్నకి నాలుగు రాత్రులే దొరికేవి. ముప్ఫై రాత్రులు దొరికి ఉంటే ఆయన నాటకాలు ఎలా ఉండేవో అని ఆ రాత్రి రైల్లో ఆలోచిస్తూ నా స్టేషన్ దాటిపోయాను.

శుక్రవారం

పొద్దున లింకన్ సెంటర్ పక్కన ఉన్న ప్రదర్శన కళల గ్రంథాలయానికి వెళ్లాను. 1970 నుంచి ఇక్కడ నాటకాలని, జనం ముందు జరిగే ఆటనే, రికార్డు చేసి దాస్తున్నారు. బెటీ కోర్విన్ అనే ఆవిడ పట్టుదలతో మొదలైన పని. చూడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. విద్యార్థులు, పరిశోధకులు, నాటకరంగంలో పనిచేసేవాళ్లు వచ్చి అక్కడే కూర్చుని చూస్తారు. నేను అనుమతి అడగలేదు. ఆ గది ఉందని చూస్తే చాలనిపించింది. ముగిసిపోయిన నాటకాన్ని ఒకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నారు. మన దగ్గర ఇలాంటి గది ఒక్కటి ఉండి ఉంటే!

రాత్రి హేస్ థియేటర్‌లో 'పర్పస్'. బ్రాన్‌డెన్ జేకబ్స్ జెంకిన్స్ రాసిన ఈ నాటకానికి ఈ ఏడాది పులిట్జర్ వచ్చింది, ఆదివారం ఉత్తమ నాటకంగా టోనీ కూడా. పాటల్లేవు, నాట్యాల్లేవు. మాటలే. షికాగోలోని స్టెపెన్‌వుల్ఫ్ థియేటర్‌లో 2024లో మొదట ఆడి ఇక్కడికి వచ్చింది. దర్శకురాలు ఫిలీసియా రషాద్. హేస్ బ్రాడ్‌వేలో అన్నిటికంటే చిన్న హాలు, ఆరువందల లోపు సీట్లు. 1912లో కట్టినప్పుడు 299 సీట్లేనట, పేరు కూడా లిటిల్ థియేటర్.

పౌరహక్కుల ఉద్యమంలో పేరు తెచ్చుకున్న పెద్దాయన ఇల్లు. బయట మంచు. తల్లి పుట్టినరోజు భోజనానికి పిల్లలు వచ్చారు. పెద్దకొడుకు జైలు నుంచి అప్పుడే వచ్చాడు. చిన్నకొడుకు నాజ్ మనకి కథ చెబుతుంటాడు. అతని స్నేహితురాలు అనుకోకుండా ఆ ఇంట్లో అడుగుపెడుతుంది. అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. పప్పు వడ్డించినంత మామూలుగా మొదలైన మాటలు ఎవరూ ఎవరి మొహమూ చూడలేనంత దాకా వెళ్తాయి. ఆ భోజనం సీను ఎంతసేపు నడిచిందో తెలియలేదు. తండ్రి పేరు మోయలేని పిల్లలు, పేరు కాపాడటానికి ఏదైనా చేయగల తల్లి. ఇలాంటి పెద్దమనుషుల ఇళ్లు ఏ దేశంలో లేవు?

ఆ యాస, ఆ వేగం నాకు పూర్తిగా అందలేదు. కొన్నిచోట్ల హాలంతా నవ్వాక నాకు అర్థమైంది. అయినా తల్లిగా వేసిన లాటాన్యా రిచర్డ్‌సన్ జాక్సన్ మాట్లాడకుండా కుర్చీ సర్దినప్పుడు ఏం జరగబోతోందో నాకు ముందే తెలిసింది. స్నేహితురాలిగా వేసిన కారా యంగ్‌కి కిందటి ఏడాదీ, ఈ ఏడాదీ వరసగా టోనీ వచ్చింది. ఆ ఇంట్లో బయటివ్యక్తి ఆమె. భోజనం జరుగుతున్నంతసేపూ ఆమె కళ్లనే చూడండి, మొత్తం నాటకం అక్కడ కనిపిస్తుంది.

ఇంటర్వెల్‌లో ఇద్దరు ముసలివాళ్లు గట్టిగా వాదించుకుంటున్నారు, తండ్రిది తప్పా, కొడుకుది తప్పా అని. చివరిదాకా చూడకుండానే తీర్పు చెప్పేస్తున్నారు. నాకు ముచ్చటేసింది.

శనివారం

వాన. 39వ వీధిలో డ్రామా బుక్ షాప్‌లో తలదాచుకున్నాను. 1917 నాటి సంస్థ. మూతపడే స్థితి వస్తే 'హ్యామిల్టన్' బృందంలోని వాళ్లు కలిసి కొన్నారు, 2021లో ఈ చోట తెరిచారు. పుస్తకాలతో చేసిన పెద్ద పురుగు బొమ్మ పైకప్పు దాకా మెలికలు తిరిగి ఉంటుంది. నాటకాల పుస్తకాల కోసమే ఉన్న దుకాణం, కాఫీ తాగుతూ నాటకాలు చదువుతున్న కుర్రవాళ్లు. ఐదు పుస్తకాలు కొన్నాను. సూట్‌కేసు బరువు గురించి అక్క కూతురు కోప్పడింది.

రాత్రి నాటకం లేదు, కాళ్లు లేవనన్నాయి. ఇంట్లో కూర్చుని లెక్కలు చదివాం. కిందటి నెలతో ముగిసిన సీజన్‌లో బ్రాడ్‌వే వసూళ్లు దాదాపు 189 కోట్ల డాలర్లు, మునుపెన్నడూ లేనంత. సినిమా తారలు కొద్ది వారాల కోసం వచ్చి ఆడిన నాటకాలు దానికి ఒక కారణం. డెంజెల్ వాషింగ్టన్ 'ఒథెల్లో'లో మంచి సీట్ల ధర 921 డాలర్ల దాకా వెళ్లింది. ఆ తారలు గొప్ప నటులే, నాకు గౌరవమే. కానీ ఈ వారం లాంగేకర్‌లో సీట్లు సగానికి ఇచ్చినా మిగిలాయి. నాకు బాధ కలిగేది అక్కడ.

ఆదివారం

మధ్యాహ్నం ఆటకి అక్క కూతురు కూడా వచ్చింది. వాల్టర్ కెర్ థియేటర్, 48వ వీధి 219 నంబరు. 'హేడ్స్‌టౌన్'. ఏడో ఏడు నడుస్తోంది.

ప్లేబిల్ తెరిస్తే ఒక చిన్న కాగితం జారి ఒళ్లో పడింది. ఈ ఆటలో ఫలానా పాత్ర ఫలానావారు వేస్తారు అని. అసలు నటులు రాని రోజున వేసేవాళ్లని అండర్‌స్టడీలు అంటారు. అరడజను పాత్రలు నేర్చుకుని ఏ రోజు ఏది వేయాల్సొచ్చినా సిద్ధంగా ఉండేవాళ్లని స్వింగ్‌లు అంటారు. వారానికి ఎనిమిది ఆటలు ఏళ్ల తరబడి ఆడటం ఎలా కుదురుతుందో తెలుసుకుందామని వచ్చాను కదా, సగం జవాబు ఆ కాగితంలో దొరికింది. కొందరు ఆ కాగితం వస్తే నిరాశపడతారు. నేను భద్రంగా మడిచి పెట్టుకున్నాను.

గ్రీకుల పాత కథ. చనిపోయిన యూరిడిసీని పాటతో గెలుచుకుని పాతాళం నుంచి తెచ్చుకోబోతాడు ఆర్ఫియస్. వెనక్కి తిరిగి చూడకూడదని షరతు. అనయిస్ మిచెల్ అనే గాయని 2006లో వెర్మాంట్ రాష్ట్రంలో స్నేహితులతో కలిసి దీన్ని మొదట ఆడింది. 2010లో ఆల్బమ్‌గా చేసింది. 2016లో నేను గురువారం మెట్ల మీద కూర్చున్న ఆ ఈస్ట్ 4వ వీధి హాల్లో, రేచల్ చావ్‌కిన్ దర్శకత్వంలో ఆడింది. తర్వాత కెనడాలో ఎడ్మంటన్, తర్వాత లండన్ నేషనల్ థియేటర్. 2019 ఏప్రిల్‌లో బ్రాడ్‌వే. పదమూడేళ్లు. ప్రతి ఊళ్లోనూ పాటలు తిరగరాసింది. ఆ ఏడాది ఎనిమిది టోనీలు వచ్చాయి.

దీపాలు ఊగే ఘట్టం గురించి విన్నాను, కానీ చూడటం వేరు. ఆర్ఫియస్ పాతాళానికి బయల్దేరతాడు. చీకట్లో పెద్ద పెద్ద దీపాలు ఉయ్యాలల్లా ఊగుతూ అతని చుట్టూ తిరుగుతాయి. ట్రాంబోన్ అనే బాకా మోగుతుంది. స్క్రీన్లు లేవు, పైనుంచి వేలాడే దీపాలు, వాటిని ఊపే మనుషుల చేతులు. అక్క కూతురు నా చెయ్యి పట్టుకుంది.

చివర్లో అతను వెనక్కి తిరుగుతాడు. కథ అందరికీ తెలుసు. హాల్లో సగంమంది అంతకుముందు చూసినవాళ్లే అయ్యుంటారు. అయినా అతని భుజం కదలగానే హాలంతా "అయ్యో" అన్నట్టు ఒక నిట్టూర్పు వచ్చింది. ఈసారి తిరగడేమోనని అందరం ఆశపడ్డాం. "పిన్నీ, నాకు తెలుసు, అయినా..." అంటూ మా అమ్మాయి మాట పూర్తి చేయలేకపోయింది.

బయటికి వచ్చేసరికి ఎండ. తలుపు దాటగానే ఎదురుగా, అదే వీధిలో 220 నంబరు, లాంగేకర్. మంగళవారం రాత్రి హడావుడిలో ఇవి రెండూ ఎదురెదురుగా ఉన్నాయని గమనించనే లేదు. అక్కడ కూడా ఆట అప్పుడే విడిచారు. ఇటు నుంచి వందలమంది, అటు నుంచి కొద్దిమంది, ఇద్దరి చేతుల్లోనూ ప్లేబిల్ పుస్తకాలు, నడిరోడ్డు మీద కలిసిపోయారు. 'డెడ్ ఔట్‌లా' జూన్ 29తో ఆగిపోతుందన్న సంగతి ఆ సాయంత్రం నాకింకా తెలియదు. ఏప్రిల్‌లో మొదలైన ఇంకో రెండు కొత్త మ్యూజికల్స్ కూడా నెలాఖరులోపే మూతపడ్డాయి.

పేవ్‌మెంట్ మీద ఒక జంట రెండు బోర్డుల వంకా మార్చి మార్చి చూస్తున్నారు. వేరే ఊరి నుంచి వచ్చారట. ఇంకో రెండు రాత్రులు ఉంటారట. నా చేతిలో ప్లేబిల్ చూసి, ఈ రెండిట్లో ఏది చూడమంటారు అని అడిగారు.

"అది చూడండి" అని లాంగేకర్ వైపు చూపించాను. "ఇది మీరు మళ్లీ వచ్చేటప్పటికీ ఉంటుంది."

వాళ్లు రోడ్డు దాటి అటు టికెట్ కిటికీ దగ్గరికి వెళ్లారు.